ఒకటికి మించి ఆర్గ్యుమెంట్లున్న ఫంక్షన్లను కూర్చడం: మిర్చి యార్డు లెక్కతో ఒక పరిశీలన

గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్మాక రైతు చేతికి వచ్చే తక్‌పట్టీ చూడటానికి చిన్న కాగితమే. దాని వెనక లెక్క మాత్రం మెట్లు మెట్లుగా నడుస్తుంది. కాటా తూకంలోంచి ఖాళీ సంచుల బరువు తీసేస్తారు. మిగిలిన కిలోలకు క్వింటాలు ధర కడతారు. వచ్చిన సొమ్ములోంచి కమిషన్ పోతుంది, హమాలీ పోతుంది, మిగిలింది రైతుది. ఒక మెట్టులో తేలిన అంకె తర్వాతి మెట్టుకు ముడిసరుకు. ఫంక్షన్లను ఒకదానికొకటి తగిలించి పెద్ద ఫంక్షన్ తయారుచేసే పద్ధతి ఇలాంటి లెక్కలకు సరిగ్గా సరిపోవాలి. తీరా రాయబోతే రెండో లైనులోనే బండి ఆగుతుంది. పాఠాల్లో చూపించేది ఒక ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కు ఇచ్చే విలువ) తీసుకుని ఒక ఫలితం ఇచ్చే ఫంక్షన్ల కూర్పు. తక్‌పట్టీలో అలాంటి మెట్టు ఒక్కటీ లేదు.

    నికరం సంచి టిక్కీలు కాటా = కాటా - సంచి * టిక్కీలు
    విలువ ధర కిలోలు = ధర * కిలోలు / 100
    కమిషన్ శాతం సొమ్ము = సొమ్ము - సొమ్ము * శాతం / 100
    హమాలీ రేటు టిక్కీలు సొమ్ము = సొమ్ము - రేటు * టిక్కీలు

రాత హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష పద్ధతిలో ఉంది: ముందు ఫంక్షన్ పేరు, పక్కన ఆర్గ్యుమెంట్లు, మధ్యలో ఖాళీలు తప్ప కామాలుండవు. అంకెలు లెక్క తేలిగ్గా సాగడానికి తీసుకున్నవే, యార్డు రేట్లు కావు. సరుకు 20 టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా 900 కిలోలు, ఖాళీ సంచి ఒక్కోటి 1 కిలో, క్వింటాలు ధర 15,000 రూపాయలు, కమిషన్ 3 శాతం, హమాలీ టిక్కీకి 20 రూపాయలు. నికరం 880 కిలోలు, విలువ 1,32,000. కమిషన్ పోగా 1,28,040. హమాలీ కూడా పోగా 1,27,640.

చుక్క ఎక్కడ ఆగుతుంది

హాస్కెల్‌లో కూర్పు గుర్తు చుక్క. అది చేసే పని ఇంతే: (ఫ . గ) మ = ఫ (గ మ). ఇప్పుడు విలువ కట్టి కమిషన్ తీయాలి కదా అని "కమిషన్ 3 . విలువ" అని రాసి, దానికి 15000, 880 ఇచ్చామనుకుందాం. చుక్క మొదట 15000ని మాత్రమే విలువకు అందిస్తుంది. "విలువ 15000" ఇంకా సొమ్ము కాలేదు. కిలోలు ఇస్తే సొమ్ము చెప్పే మరో ఫంక్షన్ అది. చుక్క ఆ ఫంక్షన్‌నే తీసుకెళ్లి కమిషన్ చేతిలో పెడుతుంది. ఫంక్షన్‌లోంచి 3 శాతం తీయడం కుదిరే పని కాదు.

హాస్కెల్, ఓకామల్, ఎఫ్‌షార్ప్ వంటి భాషల్లో మామూలుగా రాసే ప్రతి ఫంక్షన్‌కూ నిజానికి ఆర్గ్యుమెంట్ ఒకటే. రెండున్నట్టు కనిపించేది ఒకటి తీసుకుని, రెండోదాని కోసం ఎదురుచూసే ఫంక్షన్‌ను తిరిగిస్తుంది. తర్కశాస్త్రవేత్త మోజెస్ షోన్‌ఫింకెల్ 1920లో గొట్టింగెన్‌లో చేసిన ప్రసంగంలో ఈ ఆలోచన ఉంది, 1924లో అది వ్యాసంగా అచ్చయింది. తర్వాత మరో తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ దాని మీద విస్తారంగా పనిచేయడంతో కర్రీయింగ్ అన్న పేరు స్థిరపడింది. ఈ సంగతి మనసులో ఉంటే అడగాల్సిన ప్రశ్నే మారిపోతుంది. ఫంక్షన్‌కు ఎన్ని ఆర్గ్యుమెంట్లున్నాయన్నది కాదు, మనకు కావలసిన ఫలితం ఎన్ని పొరల లోపల ఉందన్నది ప్రశ్న.

ఈ తప్పు ఏ భాషలో ఎలా బయటపడుతుందో తెలిసి ఉండటం అవసరం. టైప్ సంతకాలు (ఫంక్షన్ ఏ రకం విలువలు తీసుకుని ఏ రకం ఇస్తుందో చెప్పే లైన్లు) స్పష్టంగా రాసుకుంటే హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ టైపులు కలవడం లేదని ఆపి, విలువకు ఆర్గ్యుమెంట్లు తక్కువ పడ్డాయేమో చూడమని సూచన కూడా ఇస్తుంది. సంతకాలు రాయకపోతే అదే తప్పు వేరే వేషంలో వస్తుంది: ఫంక్షన్‌ను భిన్నసంఖ్యగా వాడే ఇన్‌స్టెన్స్ (ఒక టైపుతో ఆ పనులు ఎలా చేయాలో చెప్పే నిర్వచనం) లేదంటుంది. కొత్తవాళ్లు ఇన్‌స్టెన్స్ ఎలా రాయాలా అని వెతకడం మొదలుపెట్టేది ఇక్కడే. రాయాల్సింది ఇన్‌స్టెన్స్ కాదు, తగ్గిన ఆర్గ్యుమెంట్. పైథాన్‌లో ఆ లైను నడిచినప్పుడు ఆర్గ్యుమెంట్ తక్కువైందని టైప్‌ఎర్రర్ వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో, కర్రీ చేసి రాసుకున్న ఫంక్షన్లయితే, ఏ ఎర్రరూ రాదు. ఫంక్షన్‌ను మూడుతో గుణిస్తే అంకె కానిదేదో, అంటే ఎన్‌ఏఎన్, వస్తుంది. అదే చివరి దాకా ప్రయాణించి తక్‌పట్టీ మీద అచ్చవుతుంది. ఆ మెట్టులో గుణకారం బదులు కూడిక ఉంటే మరీ ఘోరం: ఫంక్షన్ సోర్స్ మొత్తం స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరసగా, మారి అంకె పక్కన అతుక్కుంటుంది.

పొర లోపలికి వెళ్లడం

లోపలి ఫంక్షన్ రెండు తీసుకుంటుంది, బయటిది ఒకటే తీసుకుంటుంది. అన్నిటికంటే తరచుగా ఎదురయ్యే అమరిక ఇది. మనకు కావలసింది: ధర, కిలోలు ఇస్తే కమిషన్ పోగా సొమ్ము. పేర్లతో రాస్తే ఇందులో ఇబ్బందేమీ లేదు.

    చెల్లింపు ధర కిలోలు = కమిషన్ 3 (విలువ ధర కిలోలు)

ఆర్గ్యుమెంట్ల పేర్లు లేకుండా రాయాలంటే కుడి చివర నుంచి ఒక్కోటీ తీసేస్తూ రావాలి. "కమిషన్ 3 (విలువ ధర కిలోలు)" అంటే "(కమిషన్ 3 . విలువ ధర) కిలోలు" అన్నమాటే. రెండువైపులా కిలోలు కొట్టేస్తే "చెల్లింపు ధర = కమిషన్ 3 . విలువ ధర" మిగులుతుంది. ఇక్కడ కమిషన్ 3ని చుక్కకు ఎడమవైపు కట్టేసిన ముక్కను "(కమిషన్ 3 .)" అని రాస్తారు. ఆ ముక్కకు "విలువ ధర" అందుతోంది కాబట్టి ధర కూడా కొట్టేయవచ్చు.

    చెల్లింపు = (కమిషన్ 3 .) . విలువ

బయటి చుక్క ధరను దాటిస్తుంది, లోపలి చుక్క కిలోలను దాటిస్తుంది. లోపలి ఫంక్షన్‌కు మూడు ఆర్గ్యుమెంట్లుంటే మరో పొర: ((ఫ .) .) . గ. ఇంకా కుదిస్తే (.) . (.) అన్న రూపం వస్తుంది. చుక్కను చుక్కతోనే కూర్చిన ఈ రాతను మొదటిసారి చూసినవాళ్లు బెదరడం సహజం, కానీ పైన చేసిన రెండు కొట్టివేతలకు మించి అందులో ఏమీ లేదు. కొన్ని లైబ్రరీలు దీనికి చుక్క పక్కన కోలన్ పెట్టిన ఆపరేటర్ ఇస్తాయి. హాస్కెల్ బేస్ లైబ్రరీలో అది ఉండదు.

ఇదే పని చుక్కలు లేకుండా కూడా అర్థమవుతుంది. జాబితా ఇచ్చే ఫంక్షన్ ఫలితం మీద పనిచేయాలంటే జాబితా లోపలికి వెళ్లాలి, అందుకు మ్యాప్ వాడతాం. ఉందో లేదో తెలియని విలువ ఇచ్చే ఫంక్షన్ అయితే, మేబీ అనే పొర లోపలికి ఎఫ్‌మ్యాప్ తీసుకెళ్తుంది. ఫంక్షన్‌ను ఇచ్చే ఫంక్షన్ అయితే లోపలికి వెళ్లే దారి చుక్క. హాస్కెల్‌లో ఫంక్షన్ల మీద ఎఫ్‌మ్యాప్ అంటే చుక్కే, కాబట్టి (.) . (.) అన్నా ఎఫ్‌మ్యాప్‌ను ఎఫ్‌మ్యాప్‌తో కూర్చడం అన్నా ఇక్కడ ఒకటే. ఈ పోలిక పట్టుబడితే చుక్కల లెక్క గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, ఫలితానికి ఎన్ని పొరలున్నాయో చూసి అన్నిసార్లు లోపలికి వెళ్లడమే.

ఇక్కడ జరిగే మామూలు పొరపాటు ప్రాధాన్యక్రమానిది. "కమిషన్ 3 . విలువ 15000 880" అని రాస్తే కంపైలర్ ముందు విలువకు రెండు ఆర్గ్యుమెంట్లూ ఇచ్చేసి, తేలిన అంకెను చుక్కకు కుడివైపు పెడుతుంది. ఫంక్షన్ ఉండాల్సిన చోట అంకె ఉంటుంది. హాస్కెల్‌లో ఆర్గ్యుమెంట్ ఇవ్వడం అన్ని ఆపరేటర్ల కన్నా గట్టిగా పట్టుకుంటుంది. చుక్క ఉంచాలంటే చివరి ఆర్గ్యుమెంట్‌ను డాలర్ గుర్తు అవతల పెట్టాలి: "కమిషన్ 3 . విలువ 15000 $ 880".

ఏ ఆర్గ్యుమెంట్ ముందు, ఏది చివర

పైన కమిషన్‌కు శాతం ముందు, సొమ్ము తర్వాత పెట్టడం యాదృచ్ఛికం కాదు. అరుదుగా మారేది ముందు రావాలి, మెట్టు నుంచి మెట్టుకు ప్రవహించేది చివర ఉండాలి. శాతం వందల తక్‌పట్టీలకు ఒకటే, సొమ్ము ప్రతిసారీ వేరు. అందుకే "కమిషన్ 3" అని సగం నింపి పక్కన పెట్టుకుంటే అది ఒక ఆర్గ్యుమెంట్ ఫంక్షన్ అయి చుక్కలో నేరుగా ఇమిడిపోతుంది. సొమ్ము ముందు పెట్టి ఉంటే ప్రతిచోటా ఫ్లిప్ పెట్టి ఆ రెంటి వరస తిరగేసుకోవాలి. ఒక ఫైలులో ఫ్లిప్ పదేపదే కనిపిస్తోందంటే లోపం కూర్పులో లేదు, ఎవరో ఆర్గ్యుమెంట్ల వరస తప్పు రాశారు.

ఈ సూత్రం భాషను బట్టి తిరగబడుతుందని మరిచిపోకూడదు. ఓకామల్, ఎఫ్‌షార్ప్ పైపు గుర్తు ఎడమవైపు విలువను కుడివైపు ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్‌గా ఇస్తుంది, కాబట్టి సగం నింపిన ఫంక్షన్‌కు అది చివరి ఆర్గ్యుమెంట్ అవుతుంది. ఎలిక్సిర్ పైపు మొదటి ఆర్గ్యుమెంట్‌గా చొప్పిస్తుంది. ఆర్ భాష 4.1 వెర్షన్‌లో వచ్చిన సొంత పైపు కూడా అంతే. ఎలిక్సిర్‌లో సొమ్ము ముందు, శాతం తర్వాత రాయాలి. ఒక భాషలో అలవాటైన వరసను ఇంకో భాషలోకి మోసుకెళితే అక్కడి లైబ్రరీలన్నిటితో పేచీ పడాల్సి వస్తుంది.

తీగలు ఎక్కువైతే కట్ట కట్టాలి

హమాలీ మెట్టు దగ్గర అసలు చిక్కు వస్తుంది. దానికి సొమ్ము కావాలి, టిక్కీల సంఖ్యా కావాలి. టిక్కీల సంఖ్య మొదటి మెట్టు నికరంలోనూ వాడాం. అంటే ఒకే అంకె మొదటి మెట్టుకు, చివరి మెట్టుకు, మధ్యలో వాటికి సంబంధం లేకుండా చేరాలి. సరళరేఖలా సాగే కూర్పులో దీనికి చోటు లేదు. దీన్ని చుక్కలు, ఫ్లిప్‌లతోనే సాధించాలని పట్టుబడితే సాధ్యమే. లాంబ్డాలతో (అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్లతో) రాసినదాన్ని ఆర్గ్యుమెంట్ల పేర్లు లేని రాతగా మార్చే పరికరాలూ ఉన్నాయి. వాటి ఫలితం యంత్రం చదవడానికి బాగుంటుంది, వారం తర్వాత ఆ ఫైలు తెరిచిన మనిషికి కాదు.

కలిసి ప్రయాణించే అంకెలను ఒక రికార్డుగా కట్టడం ఇంతకన్నా మంచి దారి. యార్డులో దానికి పేరు ఉండనే ఉంది: లాట్. ఒక లాట్‌లో టిక్కీలు, కాటా, ధర ఉంటాయి. వాటిని బయటకు తీసే ఫంక్షన్లు టిక్కీలు_ఎన్ని, కాటా_ఎంత, ధర_ఎంత. ఇప్పుడు కావలసింది, ఒకే లాట్‌ను రెండు ఫంక్షన్లకు చూపించి, రెండు ఫలితాలను రెండు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్‌కు అందించడం. హాస్కెల్‌లో ఆ పని చేసేది లిఫ్ట్ఏ2. ఫంక్షన్ల మీద దాని అర్థం:

    లిఫ్ట్ఏ2 ఫ గ హ మ = ఫ (గ మ) (హ మ)

దీంతో తక్‌పట్టీ మొత్తం మూడు లైన్లు:

    నికర_కిలోలు = లిఫ్ట్ఏ2 (నికరం 1) టిక్కీలు_ఎన్ని కాటా_ఎంత
    లాట్_విలువ = లిఫ్ట్ఏ2 విలువ ధర_ఎంత నికర_కిలోలు
    చేతికి = లిఫ్ట్ఏ2 (హమాలీ 20) టిక్కీలు_ఎన్ని (కమిషన్ 3 . లాట్_విలువ)

మన లాట్ ఇస్తే నికర_కిలోలు 880, లాట్_విలువ 1,32,000, చేతికి 1,27,640 వస్తాయి. మూడో లైనులో కమిషన్‌కూ లాట్_విలువకూ మధ్య ఉన్నది మామూలు ఒంటి చుక్క. ధర, కిలోలు రెండూ లాట్‌లోకి వెళ్లిపోవడంతో లోపలి ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్ ఒకటే మిగిలింది, పొరల గొడవే పోయింది. రెండు ఆర్గ్యుమెంట్ల కూర్పుకు కొత్త ఆపరేటర్ వెతికే ముందు ఆ రెండూ నిజానికి ఒకే వస్తువు ముక్కలా అని చూసుకోవాలి. ఎక్కువసార్లు అవుననే తేలుతుంది.

అలాగని నికరం, విలువ, కమిషన్‌లను కూడా లాట్ తీసుకునేలా మార్చకూడదు. అవి అంకెల మీదే పనిచేయాలి. లాట్ గురించి తెలియాల్సింది పై మూడు లైన్లకే. విలువ ఫంక్షన్ లాట్‌ను అడగడం మొదలుపెడితే, కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకుకు అంచనా కట్టాలన్నా ఉత్తుత్తి లాట్ ఒకటి తయారుచేయాల్సి వస్తుంది.

ధర ఇంకా పలకని లాట్లు కూడా ఉంటాయి. అప్పుడు ధర_ఎంత ఇచ్చేది మేబీ. రెండు మేబీ విలువలను కలపడానికి కూడా అదే లిఫ్ట్ఏ2 పనికొస్తుంది: రెండింట్లో ఏది లేకపోయినా ఫలితం లేనట్టే. ఇక్కడ ఫంక్షన్ పొర ఒకటి, దాని లోపల మేబీ పొర ఒకటి. కాబట్టి "లిఫ్ట్ఏ2 (లిఫ్ట్ఏ2 విలువ)" అని రెండుసార్లు వాడాలి, నికర_కిలోలను కూడా మేబీలో చుట్టి ఇవ్వాలి. రెండు లిఫ్ట్‌ల దాకా ఫర్వాలేదు. మూడోది రాయాల్సి వస్తే ఆర్గ్యుమెంట్లకు పేర్లు పెట్టి విడమరిచి రాయడమే మేలు.

ఇంకో అమరిక పోల్చడంలో వస్తుంది. రెండు వేర్వేరు లాట్లు, రెండింటి మీదా ఒకే ఫంక్షన్, ఆ రెండు ఫలితాలను కలిపే ఫంక్షన్. హాస్కెల్‌లో దీనికి ఆన్ ఉంది: "(ఫ ఆన్ గ) మ న" అంటే "ఫ (గ మ) (గ న)". తేజ రకం మిర్చి లాట్లను ధర ప్రకారం పేర్చాలంటే సార్ట్‌బైకి "కంపేర్ ఆన్ ధర_ఎంత" ఇస్తే చాలు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఇలా రాసినప్పుడు పోలిక జరిగిన ప్రతిసారీ గ మళ్లీ నడుస్తుంది. ధర తీయడం చవకే. చేతికి వచ్చే సొమ్ము ప్రకారం పేర్చాలంటే మాత్రం ప్రతి పోలికకూ రెండు తక్‌పట్టీలు కట్టినట్టే. అలాంటప్పుడు సార్ట్‌ఆన్ వాడాలి. అది ఒక్కో లాట్‌కు ఒకేసారి లెక్కగట్టి, దాన్ని పక్కన పెట్టుకుని పేరుస్తుంది.

జతల సంగతి క్లుప్తంగా. ధరల జాబితా, కిలోల జాబితా విడివిడిగా ఉంటే, రెండింట్లోంచీ ఒక్కో అంకె తీసి ఫంక్షన్‌కు అందించే జిప్‌విత్ ఉంది, "జిప్‌విత్ విలువ" అంటే సరిపోతుంది. అవి ముందే జతలుగా ఉంటే, జతను రెండు ఆర్గ్యుమెంట్లుగా విడదీసి ఇచ్చే అన్‌కర్రీ వాడి, "అన్‌కర్రీ విలువ"ను మ్యాప్ చేయాలి. పైథాన్‌లో మ్యాప్‌కే రెండు జాబితాలివ్వవచ్చు, జతలుగా ఉంటే ఐటర్‌టూల్స్‌లోని స్టార్‌మ్యాప్.

టైపులు పట్టుకోని తప్పులు

కంపైలర్ ఆపిన తప్పు మంచి తప్పు. కూర్పులో డబ్బు పోగొట్టేవి కంపైలర్ దాటిపోయేవి. కమిషన్, హమాలీ రెండూ సొమ్ము తీసుకుని సొమ్మే ఇస్తాయి, కాబట్టి ఏది ముందు పెట్టినా కోడ్ నడుస్తుంది. హమాలీ ముందు తీసి తర్వాత కమిషన్ తీస్తే రైతుకు వచ్చేది 1,27,652. పన్నెండు రూపాయల తేడా, అంటే 400 రూపాయల హమాలీ మీద 3 శాతం. ఏది సరైన వరసో ప్రోగ్రామర్ ఊహించేది కాదు, లెక్క కట్టేవాళ్లను అడిగి తెలుసుకోవాలి. తెలిశాక దాన్ని అంకెలతో సహా టెస్టుగా రాసిపెట్టాలి.

రెండో తప్పు ఆర్గ్యుమెంట్లు తారుమారు కావడం. విలువలో ధర, కిలోలు అటుదిటైనా ఫలితం మారదు, గుణకారమే కాబట్టి. ఆ ధీమాతోనే కమిషన్ దగ్గరా వరస మరిస్తే "కమిషన్ 132000 3" ఫలితం మైనస్ 3,957. అది వింతగా ఉంది కాబట్టి కంటపడుతుంది. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నచోట కంటపడదు. హాస్కెల్‌లో శాతం, కిలోలు, రూపాయలు మూడింటికీ విడివిడి న్యూటైపులు (ఉన్న టైపు చుట్టూ వేసే కొత్త పేరు) పెట్టుకుంటే ఈ తప్పు కంపైల్ కాదు. న్యూటైపు చుట్టు కంపైల్ అయ్యాక మిగలదు కాబట్టి నడిచేటప్పుడు భారమూ ఉండదు. పైథాన్‌లో టైపింగ్ మాడ్యూల్‌లోని న్యూటైప్ మైపై లాంటి టైపుల తనిఖీ పరికరం నడిపితేనే కాపలా కాస్తుంది. ప్రోగ్రామ్ నడిచే సమయంలో అది ఏదీ ఆపదు.

రూపాయికి సవరించడం కూడా ఒక ఫంక్షనే. దాన్ని గొలుసు చివర ఒక్కసారే పెట్టాలి. ప్రతి మెట్టులో సవరిస్తే తేడాలు పోగుపడతాయి. హాస్కెల్ రౌండ్, పైథాన్ 3 రౌండ్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళ్తాయి: 2.5 ఇస్తే 2 వస్తుంది. జావాస్క్రిప్ట్ మ్యాథ్ రౌండ్ 3 ఇస్తుంది. సర్వర్‌లో ఒక భాష, బ్రౌజర్‌లో ఒక భాష ఉన్న ప్రాజెక్టుల్లో రూపాయి తేడా ఎక్కడిదా అని వెతుకుతుంటే ముందు చూడాల్సిన చోటు ఇదే.

ఇంకో తప్పు హాస్కెల్‌లో ఎదురయ్యేది. "చెల్లింపు = (కమిషన్ 3 .) . విలువ" అని సంతకం లేకుండా రాస్తే మోనోమార్ఫిజం నిబంధన అడ్డొస్తుంది. ఆర్గ్యుమెంట్లు రాయలేదు కాబట్టి కంపైలర్ దాని టైపును అన్ని సంఖ్యలకూ వర్తించేలా ఉంచదు. ఆ మాడ్యూల్‌లోని వాడకం ఏ టైపునూ సూచించకపోతే డబుల్ అనే ఉజ్జాయింపు దశాంశాల టైపుకు కట్టేస్తుంది. డబ్బు లెక్కను కచ్చితమైన భిన్నాలతో చేద్దామనుకున్నవాళ్లకు తెలియకుండానే తేలే దశాంశాలు వచ్చి కూర్చుంటాయి, లేదా వేరే మాడ్యూల్‌లో టైప్ ఎర్రర్ వస్తుంది. లైను లైనుగా టైపు చేసి నడిపి చూసే జీహెచ్‌సీఐలో 7.8 వెర్షన్ నుంచి ఈ నిబంధన మామూలుగా ఆపి ఉంటుంది. అందుకే అక్కడ చక్కగా నడిచిన లైను ఫైలులో పెట్టగానే మొరాయిస్తుంది. ఒక లైను టైప్ సంతకం రాస్తే సమస్య తీరుతుంది. ఓకామల్‌లోనూ ఇలాంటిదే ఉంది. సగం నింపిన ఫంక్షన్‌కు పేరు పెడితే దాని టైపు బలహీనంగా మిగిలి, మొదటి వాడకంతోనే గడ్డకడుతుంది. అక్కడ మందు చివరి ఆర్గ్యుమెంట్‌ను బయటికి రాయడం.

వేగం గురించి ఒక్క మాట. చుక్కలు పెడితే నెమ్మదిస్తుందన్న భయం జీహెచ్‌సీ విషయంలో చాలావరకు అనవసరం. బేస్ లైబ్రరీలో చుక్కను సమానం గుర్తుకు ఎడమవైపు రెండే ఆర్గ్యుమెంట్లతో, మూడోదాన్ని కుడివైపు లాంబ్డాలో ఉంచి నిర్వచించారు. ఎడమవైపు ఎన్ని ఆర్గ్యుమెంట్లుంటే అన్నీ అందాకే జీహెచ్‌సీ ఒక ఫంక్షన్‌ను విప్పి పరుస్తుంది కాబట్టి, రెండు ఫంక్షన్లు అందిన వెంటనే చుక్క కరిగిపోతుంది. సొంత కూర్పు ఆపరేటర్ రాసుకునేవాళ్లు ఇదే పద్ధతి పాటించాలి. జావాస్క్రిప్ట్‌లో కర్రీ సహాయక ఫంక్షన్లు ప్రతి పిలుపులో ఆర్గ్యుమెంట్లు లెక్కపెడతాయి, లక్షలసార్లు తిరిగే లూపులో ఆ ఖర్చు కనిపిస్తుంది.

జావాస్క్రిప్ట్, పైథాన్‌లలో

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫంక్షనల్ పద్ధతి పరిచయమయ్యేది ఎక్కువగా ఈ రెండు భాషల్లోనే కాబట్టి వీటి తిరకాసులు విడిగా చెప్పుకోవాలి. జావాస్క్రిప్ట్ లైబ్రరీ రామ్డాలో ఫంక్షన్లను కూర్చే కంపోజ్‌లో కుడి చివరి ఫంక్షన్‌కు ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా ఉండవచ్చు, మిగతా వాటికి ఒక్కటే అందుతుంది. కాబట్టి కమిషన్(3), విలువలను కంపోజ్ చేసి (15000, 880) ఇస్తే, విలువ కామాలతో రాసిన మామూలు ఫంక్షన్ అయినంతవరకు, సరైన జవాబే వస్తుంది. బాణం (=>) తర్వాత బాణంగా చేత్తో కర్రీ చేసి రాసినదైతే రెండో ఆర్గ్యుమెంట్‌ను నోరెత్తకుండా వదిలేస్తుంది, ఎన్‌ఏఎన్ మిగులుతుంది. ఒకే ప్రాజెక్టులో రెండు రాతలూ కలపకూడదనేది ఇందుకే.

కర్రీ సహాయకాలు ఎన్ని ఆర్గ్యుమెంట్ల కోసం ఆగాలో ఫంక్షన్ లెంగ్త్, అంటే దాని ఆర్గ్యుమెంట్ల లెక్క, చూసి నిర్ణయిస్తాయి. డిఫాల్ట్ విలువ ఉన్న ఆర్గ్యుమెంట్ ఆ లెక్కలోకి రాదు. (ధర, కిలోలు, శాతం = 3) అని రాస్తే లెంగ్త్ 2. రెండు అందగానే ఫంక్షన్ నడిచిపోతుంది, 2 శాతం ఇద్దామని ఆగినవాళ్లకు అవకాశమే రాదు. ఇక అందరూ ఒకసారైనా పడే గుంట: మూడు "10" స్ట్రింగ్‌ల జాబితా మీద, స్ట్రింగ్‌ను అంకెగా మార్చే పార్స్‌ఇంట్‌ను నేరుగా మ్యాప్ చేస్తే వచ్చేది 10, ఎన్‌ఏఎన్, 2. మ్యాప్ మూడు ఆర్గ్యుమెంట్లు పంపుతుంది: విలువ, దాని స్థానం, మొత్తం జాబితా. పార్స్‌ఇంట్ రెండోదాన్ని సంఖ్యామానపు ఆధారంగా తీసుకుంటుంది. ఆధారం 0 అంటే మామూలు పదుల లెక్క, 1 చెల్లదు, రెండుల లెక్కలో "10" అంటే 2. ఒక్క ఆర్గ్యుమెంట్‌నే దాటనిచ్చే చిన్న బాణం ఫంక్షన్‌తో చుట్టి ఇవ్వాలి.

పైథాన్‌లో సగం నింపిన ఫంక్షన్ తయారుచేసే ఫంక్‌టూల్స్ పార్షల్ ఆర్గ్యుమెంట్లను ఎడమ నుంచి నింపుతుంది. మధ్యలోదో చివరిదో నింపాలంటే కీవర్డ్ పేరుతో ఇవ్వాలి, 3.14 నుంచి ఖాళీ స్థానం సూచించే ప్లేస్‌హోల్డర్ కూడా ఉంది. లూపులో వేర్వేరు శాతాలకు లాంబ్డాలు తయారుచేస్తే అన్నీ చివరి శాతాన్నే వాడతాయి, ఎందుకంటే లాంబ్డా ఆ పేరును పిలిచినప్పుడు చూస్తుంది, రాసినప్పుడు కాదు. పార్షల్ అప్పటికప్పుడే విలువ పట్టుకుంటుంది కాబట్టి ఈ పనికి అదే వాడాలి.

పాత కోడ్‌లో ఆర్గ్యుమెంట్ల వరస మార్చాల్సి వచ్చినప్పుడు అసలు ప్రమాదం ఉంది. రెండూ అంకెలే అయితే పాత పిలుపులన్నీ కంపైల్ అవుతూనే తప్పు జవాబులిస్తాయి. ఫంక్షన్ పేరు కూడా మార్చాలి. కమిషన్ బదులు కమిషన్_తీసి అని కొత్త వరసతో రాసి, పాతదాన్ని తొలగించాలి. అప్పుడు పాత పిలుపు ఉన్న ప్రతి చోటా కంపైలర్ పేరు దొరకలేదని ఆపుతుంది, ఒక్కోదాన్నీ చూసి సరిచేయవచ్చు. పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో ఆ కాపలా లేదు కాబట్టి ప్రాజెక్టంతా పాత పేరు కోసం వెతికి, ఒక్కటీ మిగల్లేదని తేలాకే దాన్ని తీసేయాలి.